చెయ్యెత్తిన ప్యాసింజర్

మా మామయ్య పోయారన్న కబురు నాకు ఆఫీసులో తెలిసింది. మా ఆయన ఫోన్ చేసి, "బాపు పోయిండు" అని ఒక్క ముక్క చెప్పి, ఫోన్ పక్కవాళ్ల చేతికిచ్చేశాడు. పొద్దుటి రెండో చాయ్ తాగి, సాసర్ కింద పెట్టి, వరండా గోడకు ఆనుకున్నారట. అంతే. కునుకు పట్టిందనుకుని అత్తమ్మ విసనకర్ర తెచ్చి కాసేపు విసిరిందట కూడా. ఆ మాట విన్నాకే నాకు ఏడుపొచ్చింది.

ఆ ఉదయం నేను గడప దాటుతుంటే ఆయన నాతో అన్న చివరి మాట గొప్ప మాటేమీ కాదు. "బిడ్డా, వచ్చేటప్పుడు జర కొత్తిమీర తే. నిన్నటిది వాడిపోయింది, ప్యాసింజర్ ముడుతలేడు." ఆఫీసు నుంచి కార్వాన్‌లో మా ఇంటికి ఆటోలో వస్తూ, కళ్లు తుడుచుకుంటూ, ఓ తోపుడు బండి కనబడగానే ఆటో ఆపించి రెండు కట్టలు కొన్నాను. ఒక కట్ట వాడి ఉంటే మార్చమని గొడవ కూడా పెట్టుకున్నాను. ఏడుస్తూ బేరమాడే ఆడదాన్ని ఆ బండివాడు అంతకుముందు చూసి ఉండడు. మా గల్లీ నిండా జనం. నేను తిన్నగా వాకిట్లో గేటు పక్కనున్న జాలీ గూటి దగ్గరికి వెళ్లి, తలుపు తీసి, కొత్తిమీర లోపల పెట్టి, అప్పుడు వచ్చి మామయ్య కాళ్ల దగ్గర కూర్చున్నాను. చుట్టాలు కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. చూసుకోనివ్వండి. ఆయన నాకు చెప్పిన ఆఖరి పని అది.

ప్యాసింజర్ అంటే మా ఇంటి కుందేలు. పోయిన మనిషిని తలచుకుంటూ రాసేదాంట్లో కుందేలు ముందు రావడం ఏం మర్యాద అని మీరు అడగొచ్చు. దాన్ని పక్కనబెట్టి మా మామయ్య సంగతి చెప్పడం నాకు చేతకాదు. పైగా, అంత్యక్రియలై ఇంటికొచ్చి స్నానాలు చేశామో లేదో, ఇంటి పెద్దదిక్కుగా ఆ మాటే తీశారు పెద్దమామ. ఆయన మామయ్యకు స్వయానా అన్న.

"చూసుకునే మనిషే పోయిండు. ఇంక ఆ చెవులపిల్లి ఎందుకు ఇంట్ల? మా దోస్తుకు ఊరవతల తోటున్నది. దినాలైనంక ఆటో పంపిస్తడు, ఇచ్చేయుండ్రి."

ఆయన చెడ్డగా ఏమీ అనలేదు. మేమిద్దరం ఉద్యోగాలకు పోయేవాళ్లం, అత్తమ్మ మోకాళ్ల నొప్పుల మనిషి. మా ఆయన నా వైపు చూశాడు. నేను అత్తమ్మ వైపు చూశాను. అత్తమ్మ ఎవరి వైపూ చూడలేదు. ఔనన్నా కాదన్నా ఆ ఇంట్లో ఆ మాట చెప్పాల్సింది ఆవిడే. ప్యాసింజర్ మా ఇంట్లో ఉంటుందా, పోతుందా అన్నది తేలకుండానే దినాలు గడిచాయి.

మామయ్య సిటీ బస్సు డ్రైవరు. సర్వీసంతా పాత బస్తీలోనే చేశారు. పండగ ముందురోజు చార్మినార్ పక్కన పత్తర్‌గట్టి బజారులో నడిచిన వాళ్లకు మాత్రమే ఆ మాటలోని బరువు తెలుస్తుంది. గాజుల బళ్లు, పెళ్లి బట్టల మూటలు, అడ్డదిడ్డంగా దూరే ఆటోలు, అమ్మ చెయ్యి విదిలించుకుని పరిగెత్తే పిల్లలు. అందులోంచి అంత పెద్ద బస్సును ఎవరికీ గోరంత గీత పడకుండా తీసుకెళ్లేవారు. హారన్ కూడా పెద్దగా కొట్టేవారు కాదు. "హారన్ అంటే తిట్టుడు గాదు బిడ్డా, జర జరుగుమని అడుగుడు" అనేవారు. మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి నగరం ఆ చివర స్థిరపడ్డాం. నా పెళ్లిలో మా చుట్టాలు "వియ్యంకుడుగారు ఏం చేస్తారు?" అని గొంతు తగ్గించి అడిగితే, నేను గొంతు పెంచి "చార్మినార్ బస్సు నడుపుతారు" అని చెప్పాను. అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే.

కాపురానికి వచ్చిన కొత్తలో మా వైపు అలవాటు కొద్దీ "మామయ్యగారూ" అనేదాన్ని. వారం ఓపిక పట్టి, "గారు గీరు పెండ్లి కార్డు మీద రాస్తరు బిడ్డా. ఇంట్ల గంత పొడుగు పిలుస్తే చాయ్ చల్లారుతది" అన్నారు. అప్పటినుంచి మామయ్యే.

ఆయనకు డిపోలో ఒక చెడ్డపేరు ఉండేది. లేటు డ్రైవరు. కారణం ఒకటే. రోడ్డు మీద ఎవరు చెయ్యెత్తినా బండి ఆపేవారు. స్టాపు ఉందా లేదా అన్న విచారం లేదు. ఒకసారి చెయ్యెత్తిన మనిషి ఎక్కలేదట, గోడ మీద పోస్టరు అంటిస్తున్నాడట. ఆయనతో ఏళ్ల తరబడి పనిచేసిన కండక్టరు భాయ్ మా పక్క గల్లీలోనే ఉంటారు. ఆయన చెబుతుంటే మేం పడీ పడీ నవ్వేవాళ్లం. "మా ఉస్తాద్ బండి టైముకు పోయిన దినం నాకు యాదికి లేదమ్మా. దోమను కొట్టనీకె చెయ్యి లేపినా బ్రేకే." మామయ్య మాత్రం నవ్వేవారు కాదు. "చెయ్యెత్తినోన్ని ఇడిశిపెట్టి పోతే అది బండి నడిపినట్టు గాదు, ఉరికిచ్చినట్టు" అనేవారు.

రిటైరయ్యాక ఆ కాలికి బ్రేకు లేకుండా పోయింది. రోజూ పొద్దున్నే లేచి తయారై కూర్చునేవారు, ఎక్కడికీ పోయేది లేకపోయినా. ఆఖరి ఖాకీ యూనిఫాం ఇస్త్రీ చేయించి బీరువాలో హ్యాంగరుకు తగిలించారు. దాన్ని ముట్టుకునే హక్కు అత్తమ్మకు కూడా లేదు. "నేను పోయిననాడు గిదే తొడిగి పంపుండ్రి" అనేవారు. "పోయేటోనికి ఇస్త్రీ ఎందుకు" అని అత్తమ్మ కసిరేది.

అప్పుడే మా చెల్లెలి పెళ్లి కుదిరింది. గాజులు, బట్టలు కొనడానికి చార్మినార్ వైపు బయలుదేరితే తోడు వచ్చారు. రంజాన్ పండగ అయిపోయి కొన్నాళ్లయింది. ఓ చిన్నపిల్లల బట్టల దుకాణం ముందు ఖాళీ అట్టపెట్టెలు గుట్టగా పడేసి ఉన్నాయి. వాటి వెనక చిలకను పెట్టే పంజరం లాంటిది ఒకటి, అందులో ఒక కుందేలు. తెల్లదే అయి ఉండాలి, పసుపుపచ్చగా కనబడింది. గోళ్లు పెరిగి మెలిక తిరిగాయి. నీళ్ల గిన్నెలో నీళ్లు లేవు, దుమ్ము ఉంది. నేను చూసి, అయ్యో అనుకుని, ముందుకు పోయాను. అందరూ అలాగే పోతున్నారు.

కుందేలు ఒక్కసారి వెనక కాళ్ల మీద లేచి, ముందు కాళ్లు రెండూ ఎత్తి తీగకు ఆనించింది. నడుస్తున్న మామయ్య టక్కున ఆగిపోయారు. వెనకే వస్తున్న నేను ఆయన వీపుకు గుద్దుకున్నాను.

"ఏమైంది మామయ్యా?"

"చెయ్యెత్తింది."

"ఎవరు?"

"గదిగో, గాడ."

"మామయ్యా, అది కుందేలు. దానికి చేతులుండవు. అవి కాళ్లు."

"మరి ఎత్తుడైతే ఎత్తింది కదా" అని ఆయన దుకాణం మెట్లెక్కారు. తన బజారు ఉర్దూలో, "మియా, ఇస్‌కు పానీ కౌన్ డాల్తా?" అని అడిగారు. దీనికి నీళ్లెవరు పోస్తారయ్యా అని. పండగ గిరాకీలో పిల్లలు ఆగి చూస్తారని పిట్టల బజారు నుంచి తెచ్చాడట దుకాణదారు. పండగ అయిపోయింది, పిల్లలు పోయారు, కుందేలు మిగిలింది. "దుకాణ్ దేఖూఁ కి ఇస్‌కో దేఖూఁ చాచా? లే జానా హై తో లే జావ్" అన్నాడతను. దుకాణం చూసుకోనా, దీన్ని చూసుకోనా, కావాలంటే పట్టుకుపో అని. అతను దుర్మార్గుడేం కాదు, అలసిపోయి ఉన్నాడు.

"మామయ్యా, మనం గాజులకొచ్చాం" అని గుర్తుచేశాను. సరేనని నా వెంట గాజుల దుకాణం దాకా వచ్చారు. నేను చెల్లెలి చేతి సైజు చెప్పి, ఎరుపా పచ్చా అని తేల్చుకుని, వెనక్కి తిరిగేసరికి ఆయన లేరు. కాసేపటికి గుంపును చీల్చుకుంటూ వస్తున్నారు, చంకలో పంజరం. చీర కట్టుకున్న పెళ్లివాళ్లు, బుర్ఖాల్లో ఆడవాళ్లు, అందరూ ఆయనకు దారిస్తున్నారు. ఆయన ముఖంలో మళ్లీ డ్యూటీకి ఎక్కిన కళ.

"అత్తమ్మ ఏమంటుందో ఆలోచించారా?" అన్నాను ఆటోలో.

"మీ అత్త లొల్లి నాకు కొత్తనా? అయినా ఫికర్ లేదు, నువ్వు తెచ్చినవని చెప్త. కోడలివి, నిన్నేమనది."

అన్నట్టే గేటు తీయగానే "నీ కోడలు ముచ్చటపడి తెచ్చింది" అనేశారు ఆ మహానుభావుడు. అత్తమ్మ నన్ను కాదు, ఆయన్నే చూసింది. మా అత్తమ్మ వాకిలిని రెండు పూటలా కడిగే మనిషి. చెప్పులు వరుస తప్పితే ఊరుకోదు. పంజరం లోంచి వచ్చే వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇంట్ల ఇదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంది.

"నువ్వు యాడికి పోతవే? నీది బస్ పాసు. దీనిది ఒక్క దినం టికెట్" అన్నారు మామయ్య.

ఒక్క దినం టికెట్ మర్నాడు మరో దినానికి పెరిగింది. ప్యాసింజర్ అన్న పేరు అలా వచ్చిందే. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి మురికి తుడిచారు. ఉండలు కట్టిన బొచ్చు కత్తెరతో తీశారు. మెలిక తిరిగిన గోళ్లు కత్తిరించేటప్పుడు మాత్రం కండక్టరు భాయ్‌ని పిలిపించారు, ఒకరు పట్టుకోవడానికి, ఒకరు కత్తిరించడానికి. పంజరం పాత సామాన్లవాడికిచ్చేసి, గేటు పక్కన మనిషి వంగి దూరేటంత జాలీ గూడు కట్టించారు. అత్తమ్మ తన బకెట్‌తో ఆ గూటి అంచు దాకా వచ్చి, అక్కడ ఆగి, చుట్టూ కడిగి పోయేది.

ఇక్కడ మా గల్లీ గురించి ఒక మాట చెప్పాలి. మా దగ్గర ఇంటికి మనిషి వస్తే చాయ్, బిస్కెట్ పెట్టకుండా పంపడం ఉండదు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లయినా, కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడయినా అంతే. ప్యాసింజర్‌ను చూడ్డానికి గల్లీ గల్లీ అంతా కదిలింది. హిందువుల ఇళ్ల నుంచి, ముస్లింల ఇళ్ల నుంచి, చివర ఉండే ఆసుపత్రి నర్సమ్మ ఇంటి నుంచి, వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒకటి తెచ్చారు. ఉస్మానియా బిస్కెట్లు. రోటీ ముక్కలు. ఎవరింట్లోనో దావత్‌లో మిగిలిన ఖుబానీ కా మీఠా. ఇక మా మామయ్య సంగతి చెప్పేదేముంది, తన సాసర్లో చాయ్ పోసి, బిస్కెట్ ముంచి, ముందు ఆయన ఒక ముక్క, తర్వాత అది ఒక ముక్క. కుందేలు నాలుగు రోజుల్లోనే నున్నగా, గుండ్రంగా అయింది. "చూసినవా, మన గల్లీ నీళ్లు పడ్డయి" అని అందరం మురిసిపోయాం.

తర్వాత ఒక పొద్దున అది మూలకు ముడుచుకుని కూర్చుంది. చెవులు వెనక్కి పడిపోయాయి. కొత్తిమీర పెడితే వాసన కూడా చూడలేదు. పొట్ట ముట్టుకుంటే రాయి. ఆ రోజు నేను సెలవు పెట్టి ఆయనతో పాటు పశువుల దవాఖానకు వెళ్లాను. డాక్టరమ్మ చిన్నపిల్ల, నెమ్మదైన మనిషి. పొట్ట నొక్కి చూసి, ఏం పెడుతున్నారని అడిగింది.

మామయ్య గొప్పగా చెప్పారు. "దేనికీ తక్కువ చెయ్యలే డాక్టరమ్మా. బిస్కెట్, రోటీ, మీఠా, రెండు పూటల చాయ్."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కుందేలుకు చాయా?"

"పాలు తక్కువ పోసే ఇచ్చినం" అన్నారు మామయ్య, అపరాధం ఎక్కడుందో అర్థం కాక.

ఆవిడ తిట్టలేదు. గడ్డి తినే ప్రాణి ఇది, దీని కడుపు ఎప్పుడూ మెల్లమెల్లగా నడుస్తూనే ఉండాలి, ఇప్పుడు ఆగిపోయింది, మళ్లీ నడవకపోతే బతకదు అని చెప్పింది. మందిచ్చింది. ఆకులు మెత్తగా నూరి, సూది లేని సిరంజితో కొంచెం కొంచెం పట్టించమంది. వెచ్చగా ఉంచమంది. పెంటికలు వేస్తే గండం గడిచినట్టే అంది.

ఆటోలో కుందేలును రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చున్నారు. ఇంటి దగ్గరికొచ్చాక అన్నారు. "మస్తు తప్పైంది బిడ్డా. చెయ్యెత్తితే ఎక్కిచ్చుకున్న. యాడికి పోవాల్నో అడగనే లేదు."

ఆ పగలంతా వాకిట్లో ఎండ పడే చోట పీట వేసుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. సిరంజిలోని మందు నోట్లోకి పోక ముక్కు మీద కారుతోంది. అన్నేళ్లు స్టీరింగ్ పట్టిన చేతికి అంత చిన్న పని లొంగలేదు. కుందేలు వణుకుతోంది. దుప్పటి తెస్తానని నేను లేచేలోపే ఆయన లోపలికి వెళ్లి బీరువా తీశారు. హ్యాంగరు మీది ఖాకీ చొక్కా తెచ్చి, మడత విప్పి, ఒళ్లో పరచి, దాని మీద ప్యాసింజర్‌ను పడుకోబెట్టి చుట్టారు. తొడిగి పంపమని దాచుకున్న చొక్కా.

మధ్యాహ్నం దాటాక వంటింట్లో రోలు చప్పుడైంది. గిన్నెలో పచ్చటి ముద్దతో అత్తమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. "ఇటియ్యి ఆ సిరంజి. ముక్కుల పోస్తున్నవ్. ఈ ఇంట్ల పోరగాండ్లను సాదింది నేనా, నువ్వా?" ఆయన ఇచ్చేశారు. ఆవిడ కుందేలు దవడ పక్కన వేలు పెట్టి, చుక్క చుక్కగా, అది మింగేదాకా ఆగి మరో చుక్క పోసింది. కండక్టరు భాయ్ పొద్దు వాలే వేళ అసర్ నమాజుకు పోతూ గేటు దగ్గర ఆగి, తిరిగి వస్తూ మళ్లీ ఆగారు. గల్లీలో ఎవరూ ఆ పూట బిస్కెట్ అన్న మాట ఎత్తలేదు.

ఎండ గోడెక్కే వేళకు ప్యాసింజర్ కదిలింది. కాళ్లు సర్దుకుంది. ఖాకీ చొక్కా మీద, సరిగ్గా జేబు దగ్గర, మిరియాల్లాంటి నల్లటి ఉండలు రాలాయి.

"రైట్! రైట్!" అని మామయ్య వేసిన కేక పక్క గల్లీ దాకా వినబడింది. కండక్టరు అనాల్సిన మాట డ్రైవరు అన్నారు. దానికంటే వింత ఏమిటంటే, వాకిలి రెండు పూటలా కడిగే మా అత్తమ్మ, అమ్మలక్కలందరినీ పిలిచి ఆ పెంటికలు చూపించింది. "చూడుండ్రి, మా ప్యాసింజర్ ఏసిండు" అని. దానికి మా ఇంట్లో దొరికిన మొదటి 'మా' అది. నేను ఆఫీసులో ఎన్నో ప్రమోషన్లు చూశాను కానీ, అంత సంబరం ఎక్కడా చూడలేదు.

మర్నాడు గేటుకు ఒక రేకు బోర్డు వేలాడింది. బస్సులో రాసినట్టే రాయించారు. "ఇచ్చట బిస్కెట్ పెట్టరాదు." కింద కండక్టరు భాయ్ అదే ఉర్దూలో రాశారు. గల్లీ ఆ బోర్డును మన్నించింది. మర్యాద మాత్రం మానలేదు, దాని రూపం మార్చుకుంది. మునగాకు, ముల్లంగి ఆకులు, ఎక్కడో పార్కులో కోసుకొచ్చిన గరిక. వినాయక చవితి వచ్చిందంటే ప్యాసింజర్ పంట పండినట్టే. అత్తమ్మ కట్టలకు కట్టలు గరిక తెప్పించేది. "దేవునికి ఇంత గరికెందుకే?" అని మామయ్య ఆట పట్టిస్తే, "దేవుడు వాసన చూస్తడు, తినేటోడు బయట ఉన్నడు" అనేది. ఆ ఖాకీ చొక్కా మళ్లీ బీరువాకు పోలేదు. ఉతికినప్పుడల్లా అత్తమ్మ దాన్ని జాలీ గూట్లోనే పరిచేది. జేబు మూత ప్యాసింజర్ ఏనాడో కొరికేసింది. టీవీ తీగ కూడా కొరికింది, అదీ క్రికెట్ మ్యాచ్ మధ్యలో. ఆ రోజు మా ఆయన కూడా "ఒక్క దినం టికెట్" సంగతి గుర్తుచేశాడు. "ఎక్కిచ్చుకున్నోన్ని నడిమిట్ల దించొద్దురా" అన్నారు మామయ్య, తీగకు టేపు చుడుతూ.

ఆ బట్టల దుకాణం మనిషి ఒకసారి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. తెల్లగా, నున్నగా ఉన్న ప్యాసింజర్‌ను చూసి, "వహీ హై?" అని నమ్మలేక అడిగాడు. అదేనా అని. మామయ్య ఒక్క దెప్పు మాట అనలేదు. కుర్చీ వేయించి చాయ్ ఇప్పించారు. "చాయ్ మనుషులకే సుమా" అని కన్నుగీటారు. ఆ పై రంజానుకు ఆ దుకాణం ముందు పంజరం లేదు, రంగురంగుల బుడగలు కట్టి ఉన్నాయి. నేను చూసొచ్చి చెబితే, "మంచిగున్నయా?" అని మాత్రం అడిగారు.

రోజూ సాయంత్రం ఆయన గుడ్డ సంచి పట్టుకుని ఆకుల కోసం బజారుకు పోయి వచ్చేవారు. గల్లీ మలుపు తిరగకముందే చెప్పుల చప్పుడు పట్టేసేది ప్యాసింజర్. లేచి నిలబడి, ముందు కాళ్లు రెండూ జాలీకి ఆనించేది. ఆయన గేటు దగ్గర నిలబడి, తనూ చెయ్యెత్తి, "ఆగిన, ఆగిన" అనేవారు. ఏళ్లపాటు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి కనబడే దృశ్యం అదే. చేతులెత్తుకుని ఎదురెదురుగా ఒక డ్రైవరు, ఒక కుందేలు.

ఆయన్ను తీసుకుపోయే రోజు కండక్టరు భాయ్ ఇంటికి పోయి, తన పాత ఖాకీ చొక్కా తెచ్చి, మడత పెట్టి, మామయ్య గుండెల మీద ఉంచారు. "మా ఉస్తాద్ ఖాకీ ప్యాసింజర్ దగ్గరున్నది, దాన్ని లేపొద్దు. ఇది తొడుక్కొని పొమ్మను" అన్నారు. అంతిమయాత్ర వాహనంలోకి ఎక్కించాక దాని డ్రైవరు, ఇక కదలమని ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నాడు. అప్పుడు కండక్టరు భాయ్ ముందుకొచ్చి, బండి రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టారు. "రైట్... రైట్." గడపలో నిలబడ్డ అత్తమ్మ అది చూసింది. కార్వాన్ రోడ్డు మీదికొచ్చేసరికి, బడ్డీ కొట్ల వాళ్లు, ఆటోల వాళ్లు, పేర్లు కూడా తెలియని ఎందరో, లేచి నిలబడ్డారు. వాళ్లలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు ఆయన బస్సుకు చెయ్యెత్తినవాళ్లే అయి ఉంటారు. నేను ఏడ్చాను, తల ఎత్తుకునే ఏడ్చాను.

దినాలైన మర్నాడు సాయంత్రం, పెద్దమామ చెప్పిన ఆటో వచ్చింది. వెనక సీట్లో గాలికి కన్నాలు చేసిన అట్టపెట్టె. తోట మనిషి శ్రద్ధ గలవాడే, అడుగున గడ్డి కూడా పరిచి పంపాడు. పెద్దమామ గేటు తీసి పట్టుకున్నారు. మా ఆయన లోపలికి వెళ్లిపోయాడు. నేను అత్తమ్మ దగ్గర నిలబడి, నేను చూసుకుంటాను అత్తమ్మా, ఉద్యోగం ఉన్నా చూసుకుంటాను అని చెప్పాలనుకుంటూనే, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను.

అత్తమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఆ పూట తనే బజారుకు పోయి తెచ్చిన కొత్తిమీర కట్ట చేతిలో ఉంది. చెప్పులు వేసుకుని వాకిట్లోకి వచ్చింది. చెప్పుల చప్పుడుకు ప్యాసింజర్ ఖాకీ చొక్కా మీంచి లేచి, ముందుకొచ్చి, నిలబడి, రెండు కాళ్లూ జాలీకి ఆనించింది.

"తియ్యమ్మా, ఆటో నిలబడ్డది" అన్నారు పెద్దమామ, మెత్తగానే.

"బావా, మీ తమ్ముడు ఎన్నడన్న ఎక్కిచ్చుకున్నోన్ని నడిమిట్ల దించిండా?"

పెద్దమామ గేటు పక్కకు జరిగారు. అత్తమ్మ జాలీ తలుపు తీయలేదు. దాన్ని దాటి, గేటు దాటి, ఆటో దగ్గరికి వెళ్లింది. అరచేత్తో దాని రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ నోట నేనెన్నడూ వినని మాట అంది.

"రైట్. రైట్."

ఆటో అతను ఒకసారి ఆవిడను, ఒకసారి పెద్దమామను చూసి, బండి కదిలించాడు. ఖాళీ అట్టపెట్టె వెనక సీట్లో ఎగురుకుంటూ గల్లీ మలుపు తిరిగింది. అత్తమ్మ వెనక్కి వచ్చి జాలీ ముందు నిలబడింది. ప్యాసింజర్ కాళ్లు ఇంకా దించలేదు.

"ఆగిన, ఆగిన" అంది అత్తమ్మ, తనూ చెయ్యెత్తి, కొత్తిమీర కట్ట దారం విప్పుతూ.